వాలుగలు దిగినయన్న మాట

మొన్న మిరుగం నాడు కరీంనగర్ చేపల మార్కెట్‌కు పోయాను. మృగశిర కార్తె మొదటి రోజున చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా దగ్గు వదలదని మా దిక్కు నమ్మకం. నాకు ఎట్లాగూ ఏడాదంతా దగ్గే, అయినా అలవాటు మానలేదు. ఐసు పెట్టెల్లో అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్న చెరువు చేపలు. వాటి పక్కన తట్టలో విడిగా పెట్టిన జానెడు చేపను చూపించి, "పెద్దయ్యా, గోదారి వాలుగ. మళ్ల దొరకది" అన్నది అమ్మే ఆవిడ. వంగి దాని మీసం ఒకటి చిటికెన వేలితో ముట్టుకున్నాను. దారపు పోగంత ఉంది. కొనకుండానే వచ్చేశాను. ముసలివాళ్ల పిసినారితనం గురించి ఆవిడ వెనక నుంచి ఏదో అన్నది. నిజానికి నాకు ఆ చేప ముందు నిలబడే మొఖం లేకపోయింది.

నేను పుట్టింది ఆదిలాబాద్ జిల్లాలో, గోదారిలో ఒక వాగు కలిసే చోట ఉన్న బెస్తల వాడలో. నిజాం ఏలుబడి పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులకు నేను ఉర్దూ బడిలో అలిఫ్ బే దిద్దుతున్నాను. అప్పటి వాలుగను బాపు భుజాన వేసుకుంటే తోక మడమల మీద కొట్టేది. ఒంటికి పొలుసు ఉండదు, తడి వెండిలాగా జారుతుంది. నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంటుంది, అందులో ఆకురాయిలాంటి పళ్ల వరుసలు. ఎండాకాలమంతా మడుగులో బండల కింద బద్ధకంగా పడి ఉండి, మొదటి వానకు ఎర్రనీళ్లు రాగానే ఎవరో పిలిచినట్టు లేచేది. ఆడదీ మగదీ జతగా ఏటికి ఎదురెక్కి, వాగులోకి తిరిగి, పైన గడ్డి మునిగిన తేట నీళ్లలో గుడ్లు పెట్టేవి. తర్వాత వచ్చిన తోవనే మడుగుకు దిగేవి. ఆడది మగదానికంటే పెద్దది. మా అవ్వ, అంటే అమ్మ, ఈ సంగతి బాపుకు తరచుగా గుర్తు చేసేది.

ఎక్కేటప్పుడు వాలుగను ముట్టుకోవడం మా వాడలో లేదు. మిరుగానికి ఊళ్లు చేప కోసం ఎంత ఎగబడినా మావాళ్లు పరకలూ చిన్న చేపలూ పట్టి ఇచ్చేవాళ్లు. "పురిటికి పుట్టింటికి పోయే ఆడబిడ్డను తోవల ఆపుతమా?" అనేవాడు బాపు. దిగినాకనే పెద్ద వల. దిగినయా లేదా అని చెప్పడానికి వాడలో ఒక్క మనిషి ఉండేవాడు. కణుపులు కాల్చి తొలిచిన వెదురుబొంగు ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస చెవికి ఆనించి, మడుగును వినేవాడు. అతను "దిగినయి" అనేదాకా వలలు గుంజల మీదనే ఎండేవి. మా తాత విన్నాడు, తర్వాత బాపు విన్నాడు. బాపుకు చెవులు మందగించినప్పుడు ఆ బొంగు నాకు వస్తుందని అనుకున్నాను. మా బావకు పోయింది.

బావ అంటే మేనత్త కొడుకు. మేనత్త పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే పెరిగాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, నాలుగు మాటలు తక్కువ. అతని మీద నాకున్న కడుపుమంటకు లెక్క లేదు. అవ్వ చేప తలకాయ అతని కంచంలో వేస్తే ఆ పూట నాకు పులుసు చేదయ్యేది. అతను నవ్వితే బాపు నవ్వేవాడు. నేను బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చేపల గురించి చెబితే, "వీడు చదువుకున్నోడు, వీనికి నోరున్నది. వానికి చెవి ఉన్నది" అనేవాడు బాపు. పదిమందిలో అది మెచ్చుకోలుగానే వినిపించేది. నాకు మాత్రం అన్నంలో రాయి తగిలినట్టుండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు మా వాగుకు పైన కట్ట కట్టారు. పొలాలకు నీళ్లొస్తాయని అందరం సంబరపడ్డాం, కొబ్బరికాయలు కొట్టాం. ఆ ఏడు వాన పడింది, నీళ్లు ఎర్రబడ్డాయి. వాలుగలు ఎక్కినయని బావ చెప్పాడు. వారం పోయింది, రెండు వారాలు పోయాయి. రోజూ పొద్దున బొంగు పట్టుకుని ఒడ్డెక్కి "దిగలే" అనేవాడు. కట్ట దాకా పోయి చూసి వచ్చాడు. రాతిగోడకు ముట్టెలు కొట్టుకుంటూ కట్ట కింద తిరుగుతున్నాయట, కడుపులు నిండుగా ఉన్నాయట. వాటిని ప్రాణంతో పట్టి తడిపిన గోనెపట్టాల్లో ఎత్తి కట్ట అవతల వదులుదాం, పదిమంది వస్తే చాలన్నాడు. వాడంతా నవ్వింది. చేపలకు పల్లకి సేవ ఏందిరా అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అతను మొదట అడిగింది కూడా నన్నే.

మూడో వారానికి ఇళ్లలో జొన్నగటక పలచనయింది. కులపెద్దలు విసుగుపడుతున్నారు. ఒక మధ్యాహ్నం బావ అన్నానికి పోయినప్పుడు గోడకు ఆనించిన బొంగు తీసుకుని మడుగుకు పోయాను. కాసేపు నీడన కూర్చున్నాను. తిరిగి వచ్చి, అందరూ ఉన్నప్పుడు, వాలుగలు దిగినయని చెప్పాను. బాపు నా చేతిలోంచి బొంగు తీసుకుని, దాని కొసను బొటనవేలితో మెల్లగా తడిమి, నా మొఖంలోకి చూశాడు.

"నువ్వే విన్నవా?"

"నేనే విన్న బాపు."

ఆయన తల ఊపాడు. అంతకు ముందు ఆయన నన్ను అంతసేపు చూసిన గుర్తు లేదు. అది గర్వమనుకుని నా ఛాతీ పొంగింది. బావ మాత్రం, "నాకు వినబడలే బామ్మర్ది. నీకు వినబడ్డయంటే సరే" అని పక్కకు జరిగాడు.

ఆ సాయంత్రమే వాగు మూతి నుంచి కట్ట కింది దాకా వలలు పడ్డాయి. అంత చేప మావాళ్లు ఎన్నడూ చూడలేదు. అన్నిటికంటే పెద్ద ఆడ వాలుగను నలుగురు మోశారు. కడుపు కోస్తే కొర్రలు ఒలికినట్టు పచ్చటి గుడ్లు బండ మీద పారాయి. ఒకటి కాదు, కోసిన ప్రతి ఆడదీ అంతే. నా అబద్ధం అట్లా బండ మీద పరుచుకుని అందరికీ కనిపిస్తున్నది. చేప బాగా పడినప్పుడు ఎవరికీ నోరు లేవదు. బాపు కత్తి కడుక్కుని ఇంటికి పోయాడు, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పైయేడు పెద్దలు నన్నే వినమన్నారు. తొందరగా "దిగినయి" అనే చెవి వాళ్లకు నచ్చింది. బావ ఇచ్చోడ దిక్కు కలప పనికి పోయాడు. నేను ఏటా వినకుండానే, చేప ఎక్కిన మూడో నాటికే మాట చెప్పేవాణ్ని. ఏటా చేప చిన్నదవుతూ వచ్చింది. ఒక ఏడు నా మాట మీద వేసిన వలలో నాచు తప్ప ఏమీ రాలేదు. తర్వాత నాకు చెరువులకు చేపపిల్లలు పంచే సర్కారు కొలువు దొరికింది. ఎవరడిగినా వాలుగలను కట్ట తినేసిందని చెప్పేవాణ్ని. కట్ట తోవ మూసిన మాట నిజమే. తోవ దొరకక నిలబడ్డ వాటిని మోసుకుపోతానన్న మనిషిని ఆపింది మాత్రం కట్ట కాదు.

బాపు పోయినప్పుడు బావ వచ్చాడు. దినాలు అయినాక గోదారి ఒడ్డున కూర్చుని, ఆనాడు నేను వినలేదని చెప్పాను. అతను బీడీ ఆర్పి, "నాకెరుకే. మామకు గూడ ఎరుకే" అన్నాడు. "బొంగు కొస పొడిగుండె. నువ్వు నీళ్లల్ల ముంచనే లేదు. మామ గా పొద్దే నన్ను అవతలికి పిలిచిండు. పదిమందిల నా కొడుకు పరువు తియ్యకురా అని చేతులు పట్టుకున్నడు. గందుకే నేనేమనలే."

నా తండ్రి నాకు దక్కలేదని, బావకే దక్కాడని అంతకాలం కుమిలినవాణ్ని నేను. ఆ తండ్రి నా కోసం తన జీవితమంతా కాచిన నీతిని ఒక్క పూటలో వదులుకున్నాడని, దాని ఖరీదు బావ కట్టాడని, నాకు అప్పుడు తెలిసింది.

బావ కూడా ఇప్పుడు లేడు. బొంగు మా ఇంట్లో తలుపు వెనక ఉంది, మధ్యలో చీలింది. మార్కెట్ నుంచి వచ్చి దాన్ని తీసి, కొసను బకెట్ నీళ్లలో ముంచి, చెవికి పెట్టుకున్నాను. నాకూ చెవులు మందగించాయి, ఏమీ వినిపించలేదు. కొస తడవడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం చూశాను. రెప్పపాటు. బావ మాట నిజమో కాదో ముంచి వినడానికి అంతపాటి కాలాన్ని కూడా ఆనాడు నేను అతనికి ఇవ్వలేకపోయాను.