నడిమి దూలం కింద మంచం

మా ఇల్లు తంపర ఒడ్డున ఉంది. తంపరంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: వానాకాలంలో అది పెద్ద చెరువు, ఎండాకాలంలో పెద్ద బురద, అన్ని కాలాల్లోనూ దోమలు. కంచిలి నుంచి ఆటోలో దిగిన చుట్టాలు మా పెరట్లో నిలబడి "అబ్బ, ఏం గాలి, ఏం నీళ్ళు!" అని ఫొటోలు తీసుకుని, కొబ్బరి బొండాలు తాగి, చీకటి పడకుండా వెళ్ళిపోతారు. ఆ గాలీ ఆ నీళ్ళూ కలిసి ఇంటి కర్రని ఏం చేస్తాయో చూడటానికి వాళ్ళెవరూ ఉండరు. నేనుంటాను.

నాది టెక్కలి. స్లాబు కింద పుట్టి స్లాబు కింద పెరిగినదాన్ని. తలమీద ఏముందో తలెత్తి చూసుకుంటూ బతకాల్సి వస్తుందని మేనమామ కొడుకుని, అంటే మా బావని, చేసుకుని ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలీదు. ఆ మేనమామే మా మావ. తోటలో పుట్టి తోటలోనే ముసలైన మనిషి. రోజంతా ఆయన నోటి నుంచి వచ్చే మాటలన్నీ కలిపినా మా బావ ఒక్క తుమ్ముకి సరిపోవు.

బావ ఒకసారి సర్పంచిగా చేశాడు. తర్వాత పదవి పోయింది గానీ గొంతు పోలేదు. మజ్జిగ పొయ్యమని అడిగినా మైకు ముందు నిలబడి అడిగినట్టే ఉంటుంది. ఎదురుగా నలుగురు కనిపిస్తే చాలు, కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది.

తిత్లీ తుఫానప్పుడు మా పాత కప్పు పెంకులతో సహా లేచిపోయి తంపరలో పడింది. తోటలో సగం చెట్లు నేలకూలాయి. మా ఉద్దానం సీమలో కొబ్బరిచెట్టు పడితే మనిషి పోయినట్టే. చుట్టాలందరూ పరామర్శకి వచ్చారు. నందిగాం నుంచి వచ్చారు, హరిశ్చంద్రపురం నుంచి రైలెక్కి వచ్చారు. ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని "ఎలా పడ్డాయమ్మా" అని అడుగుతున్నారు. పోయిన మనిషి గురించి "ఆఖర్న ఏమన్నాడు" అని అడుగుతారే, అచ్చం అలాగే. మావ పడిపోయిన ఒక మాను మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

అంతమంది జనం ఎదురుగా కూర్చుని ఉంటే బావ ఊరుకోగలడా? లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి లేచింది.

"ఇవి మా నాన్న సేత్తో నాటిన సెట్లు. ఒక్క మాను కూడా ఇటుకబట్టీకి పోనివ్వను. నిలబడి నీడిచ్చినాయి, పడిపోనా నీడే ఇత్తాయి. ఈటితోనే నా ఇల్లు కప్పుతాను!"

వచ్చినవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం దేనికి. మావ తలెత్తి ఏదో అనబోయి, అందరి మొహాలూ చూసి, మళ్ళీ తల దించేసుకున్నాడు. దుఃఖమనుకున్నాం.

పడిపోయిన చెట్లలో ఎక్కువ తంపర గట్టు మీదివి. వడ్రంగి వచ్చి, బావ చెప్పిన ప్రతి మాటకీ గంగిరెద్దులా తలూపి, కోత మొదలుపెట్టాడు. "ఎన్నపూసలాగ కోసుకుంటంది బాబూ" అని తెగ మెచ్చుకున్నాడు. మేమూ మురిసిపోయాం. ఇంటిని మొయ్యాల్సిన దూలం వెన్నపూసలా తెగుతుంటే ఎవరైనా భయపడాలి కదా, మాకు మాత్రం కోత కూలి కలిసొస్తుందన్న ఆనందమే తప్ప ఇంకో ఆలోచన రాలేదు. ఆ కర్ర ఆరనైనా లేదు. గృహప్రవేశానికి ఒక పెద్ద నాయకుడు వస్తానన్నాడు, ఆయనకి ఖాళీ దొరికిన రోజుకి కప్పు పడిపోవాలి. కప్పు వేయడమనే అర్థంలోనే అంటున్నాను. నాయకుడు వచ్చాడు, దూలాన్ని తల వెనక్కి వాల్చి చూశాడు, "కొడుకంటే ఇలా ఉండాలి" అన్నాడు. బావ ఆ మాట మీద రెండేళ్ళు బతికాడు.

కొత్త కప్పు వేశాక వచ్చిన మొదటి వానాకాలంలోనే మావ తన మంచం లోపలికి తెచ్చుకున్నాడు.

అంతకుముందు ఆయన పడక ఎప్పుడూ తంపర వైపు వసారాలోనే. పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే పడుకునేవాడట. జల్లు కొట్టినా గోనెపట్టా కప్పుకుని అక్కడే ఉండేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఒకనాడు నులకమంచం ఎత్తుకుని వచ్చి నడింట్లో, సరిగ్గా నడిమి దూలం కింద వేసుకున్నాడు. అది నా చోటు. ఫ్యాను ఆ దూలానికే వేలాడుతుంది. పిల్లలు సెలవులకి వస్తే అందరం అక్కడే పరుపులు పరుచుకునేవాళ్ళం. ముసలాయన ఫ్యాను కింద చోటు కొట్టేశాడని నాకు ఒళ్ళు మండింది. పోనీ, ఫ్యాను గాలి కోసం వచ్చాడనుకుందామా అంటే ఫ్యాను వేయనివ్వడు. "జలుబు సేత్తాది, ఆపీ" అంటాడు. తంపర గాలిలో తడిసి ముద్దయినా జలుబు చేయని మనిషికి ఫ్యాను గాలి పడదట!

బావకి మాత్రం పండగే. ఇంటికి ఎవరొచ్చినా నేరుగా ఆ మంచం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. "సూడండి, మా నాన్న తన సెట్ల కిందే పడుకుంటాడు." వచ్చినవాళ్ళు మావకి దణ్ణం పెట్టేవారు. పలాస నుంచి వచ్చిన జీడిపప్పు వ్యాపారి ఒకాయన మంచమూ దూలమూ రెండూ పడేలా ఫొటో కూడా తీసుకున్నాడు. ఆ ఫొటోలో మావ కళ్ళు పైకే ఉన్నాయి. భక్తి అనుకున్నాడు ఆ వ్యాపారి.

ఇంటి కప్పు మార్చాల్సిన రోజు వచ్చిందని కప్పే చెబుతుంది, వినేవాళ్ళుండాలి. మా కప్పు చాలాసార్లు చెప్పింది. ముందు పొడి రాలింది, పసుపు రంగులో, సన్నగా. పెరుగు మీద మూత లేకపోతే ఆ పూటకి పెరుగు మానుకోవడమే. "కర్ర ఆరతంది" అన్నాడు బావ. తర్వాత వీధి తలుపు పైన పట్టేసి, భుజంతో తోస్తే తప్ప తెరుచుకోవడం మానేసింది. "తంపర తేమకి ఉబ్బింది" అన్నాడు. మధ్యాహ్నం పూట నేల మీద ఎండ చుక్కలు పడటం మొదలైంది. చుక్కలు కాస్తా మచ్చలయ్యాయి. "ఎలుతురు ఉంటే మంచిదే గదా" అన్నాడు. వాన పడితే గిన్నెలు తలా ఒక చోటికి వెళ్ళి కూర్చునేవి. ఇత్తడి బిందె మూల గదిలో, అన్నం తపేలా గుమ్మం దగ్గర, నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చిన స్టీలు బేసిను దేవుడి గూటి కింద. దేనికి ఎంత నీళ్ళు పడతాయో నాకు కంఠతా వచ్చేసింది.

కోతుల సంగతి మరీ విచిత్రం. మా ఊరి కోతులు ఇల్లిల్లూ తిరిగి పెంకులు పీకుతాయి. మా ఇంటి మీద మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలంటే చూరు దాకా దిగి, అంచు వెంట నడిచి, మళ్ళీ పైకెక్కేవి. రెండు వాలులూ కలిసే కొప్పు మధ్యలో కాలు పెట్టేవి కావు. ఆ మాట చెబితే బావ నవ్వాడు. "నానంటే బయం ఆటికి" అన్నాడు. కోతులకున్న ఇంగితం ఇంటి పెద్దకి లేకపోయిందని నేను పైకే అన్నాను. ఆయన వినలేదు. ఆయన చెవులు కూడా చప్పట్లకి తప్ప దేనికీ పనిచేయవు.

ఆఖరికి నేను కళ్ళారా చూసింది నీళ్ళలో. ముందు వైపు నుంచి చూస్తే మా కప్పుని కొబ్బరాకులు మూసేస్తాయి. ఒక పొద్దున గాలి లేదు, తంపర కదలకుండా ఉంది. బట్టలు జాడించడానికి ఒడ్డుకి వెళితే నీళ్ళలో మా ఇల్లు తలకిందులుగా కనిపించింది. కొప్పు తిన్నగా లేదు. మధ్యలో పాత నులకమంచంలా దిగిపోయి ఉంది. తడి చేతులతోనే పరిగెత్తి బావని లాక్కొచ్చి చూపించాను.

ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నీళ్ళు కదుల్తన్నాయి" అన్నాడు.

ఇంతకన్నా ఏం చెప్పను? ఇల్లు తిన్నగానే ఉందట, తంపరే వంగిందట.

ఆ రోజు నుంచీ నాకు ఒకటే బెంగ. పెంకులు పడితే పడనీ, గోడ బీటలిస్తే ఇవ్వనీ. ఆ దూలం కింద మావ పడుకుంటున్నాడు. ఆయన్ని అక్కడి నుంచి లేపాలి. మంచిగా చెప్పాను, కోపంగా చెప్పాను, బతిమాలాను. వంటింట్లో వేస్తానన్నాను, మా గది ఇస్తానన్నాను, నీ వసారాకే పో మావా అన్నాను. ప్రతిసారీ ఒకటే మాట. "నాకిక్కడే నిద్ర పడతాది." కొడుకు మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైందనుకున్నాను. అర్థం కాలేదని తర్వాత తెలిసింది.

పోయిన వానాకాలం ముసురు పట్టింది. ఒక సాయంత్రం బావ అన్నం తింటున్నాడు. నడింట్లో పైన టప్పుమని చప్పుడైంది. ఎండు కొమ్మ విరిచినట్టు. గుప్పెడు పొడి మావ దుప్పటి మీద పడింది.

"పిల్లి" అన్నాడు బావ, వంటింట్లోంచి.

గదిలోకి పోయి నా పరుపు చుట్టి తెచ్చి మావ మంచం పక్కన, దూలం కిందే పరిచాను.

మావ దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏటే అమ్మీ, ఏటి సేత్తన్నావు?"

"పడక ఏత్తన్నాను మావా. ఇక నుంచి నానూ ఈడే."

"తీసీ. ఆ పరుపు తీసీ ఆడ్నుంచి."

"ఎందుకు? నీ సెట్లే గదా, గట్టిదే గదా దూలం."

"గట్టిదెక్కడిదే!" ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "గట్టు మీద సెట్లవి. నీళ్ళు తాగి తాగి పెరిగినాయి. పైన తోలు, లోపలంతా దూది. కోసిన్నాడే సూసినాను."

"మరి ఆనాడే సెప్పకపోనావా?"

"ఏటి సెప్పమంటావు? ఊరందరి ముందు నా పేరెట్టి మాటిచ్చీసినాడు. ఆడి మాట నానే తీసీమంటావేటి?"

"మరి ఈ మంచం?"

మావ దుప్పటి మీద పొడి దులుపుకున్నాడు. నా వైపు చూడలేదు. "నువ్వీడే పడుకునేదానివి. పిల్లలొత్తే ఈడే పరుసుకుంతారు. మీరెవులూ పడుకోకండా ఎవులో ఒకలు ఆ సోటు అట్టిపెట్టీయాల గదా."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. కొడుకు మాట పోకూడదని తండ్రి నోరు మూసుకుంటాడు. తండ్రి పేరు నిలబెట్టానని కొడుకు నోరు మూయడు. ఈ ఇద్దరి పరువూ నిలబడటానికి ఆ ముసలిప్రాణం కుళ్ళిన దూలం కింద ఫ్యాను కూడా లేకుండా పడి ఉండాలి! ఫ్యాను ఊగితే దూలం అదురుతుందని వద్దన్నాడు కాబోలు. నేను మొండితనమనుకున్నాను, వచ్చినవాళ్ళు భక్తి అనుకున్నారు.

తలెత్తి చూస్తే గుమ్మంలో బావ ఉన్నాడు. చెయ్యి కడుక్కోలేదు, అన్నం మెతుకులు వేళ్ళకి అలాగే ఉన్నాయి. ఎంతసేపటి నుంచి వింటున్నాడో. ఎదురుగా ఇద్దరం మనుషులం ఉన్నా ఆ కుడిచెయ్యి లేవలేదు. దూలం వంక చూశాడు, మంచం వంక చూశాడు. వచ్చి, ఎంగిలి చేత్తోనే మంచం ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. మావ "దింపండ్రా, దింపండి" అంటుంటే ఆయన్ని మంచంతో సహా మోసుకెళ్ళి వంటింట్లో దింపాం.

మనిషి మారిపోయాడని రాయగలిగితే బాగుండేది. మర్నాడు పొద్దున్నే బావ వీధిలో నిలబడి "మా నాన్న కోరిక మీద కప్పు మారుత్తన్నాను" అని ప్రకటించాడు. ఎవరి కోరికైతే నాకేం, మారితే చాలనుకుని నేను టీ ఇచ్చాను.

పెంకులు దింపారు. దూలాన్ని తాళ్ళు కట్టి దింపితే నేలకి ఆనగానే నడిమికి మడత పడింది, సరిగ్గా మావ మంచానికి పైన ఉన్న చోట. ఇటుకబట్టీ మనిషిని పిలిపించాం. అతను ఒక ముక్క చేత్తో నలిపి చూసి, ఇది మండదు, పొగే వస్తుంది, వద్దన్నాడు. ఒక్క మాను కూడా బట్టీకి పోనివ్వనన్న మాట అలా నిలబడింది.

ఇప్పుడు ఇనుప దూలాలు, వాటి మీద మళ్ళీ పెంకులే. తలుపు వేలితో తోస్తే తెరుచుకుంటుంది. కోతులు కొప్పు మీద బారుగా కూర్చుని పేలు చూసుకుంటున్నాయి. బావ కొత్త ఫ్యాను కొనుక్కొచ్చి, మావ మంచం ఉండే చోటు కొలిచి, సరిగ్గా అక్కడే బిగించాడు. పని పూర్తయిన సాయంత్రం స్విచ్చి దగ్గర నిలబడి మావని పిలిచాడు.

మావ వంటింట్లోంచి మంచం ఎత్తుకుని వచ్చాడు. నడింట్లో ఆగలేదు. నేరుగా వసారాలోకి పోయి తంపర వైపు వేసుకున్నాడు. ఎన్నేళ్ళయినా గచ్చు మీద మంచం కోళ్ళ గుంటలు అలాగే ఉన్నాయి. కోళ్ళు వాటిలో కుదురుకున్నాయి.

"నాన్నా, ఇప్పుడు దూలం గట్టిదే గదా. ఫ్యాను కూడా ఏయించినాను" అన్నాడు బావ.

"లోపల ఉక్క పోత్తాది రా" అన్నాడు మావ. "ఎప్పుడూ ఉక్కే. ఒక్కనాడూ నిద్ర పట్టనేదు."

అని నీళ్ళ వైపు తిరిగి పడుకున్నాడు. మేం ఇంకా అక్కడ నిలబడి ఉండగానే గురక మొదలైంది. బావ స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. నడింట్లో ఖాళీ నేల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.