కుడివైపు ఆపరేషన్, ఎడమ కాలికి నొప్పి

దయ్యాలంటే నాకు నవ్వే. మందమర్రిలో ఇరవై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. గాలి సోకిందని తాయెత్తు కట్టుకుని వచ్చినవాళ్లకు కూడా జ్వరం గోళీలిచ్చే పంపాను. ఇది చదివి నన్నూ ఆ తాయెత్తుల వాళ్లలో కలుపుతారని తెలుసు. కలపండి.

ముందు మా అన్న సంగతి చెప్పాలి. బొగ్గుబాయిలో పని. ఒకనాడు పెద్ద బొగ్గుపెళ్ల ఎడమ పిక్క మీద పడింది. గాయం మానింది, ఎక్స్‌రేలో ఏమీ లేదు, నొప్పి మాత్రం పోలేదు. మా దగ్గర డ్యూటీకి పనికిరాడని తేలితే కొడుక్కు కొలువు వస్తుంది. అందుకే ఎవరు కుంటినా కాలనీలో ముందు నవ్వుతారు. నేనూ నవ్వాను. షాపు ముందు నలుగురిలో, "అన్‌ఫిట్ కోసం మా అన్న మంచిగ యాక్టింగ్ చేస్తుండు" అన్నాను. అన్న అక్కడే ఉన్నాడు.

"నిజంగనే నొస్తుందిరా. నమ్ము" అన్నాడు, ఒక్కసారే. ఆ తర్వాత నా షాపు మెట్టెక్కలేదు. నొప్పికి మత్తు గోళీలు వేరేచోట కొనుక్కున్నాడు, వాటికే అలవాటు పడ్డాడు. నాలుగేళ్లకు ఒకరోజు నిద్రలోనే పోయాడు.

పోయినేడాది నాకు కుడి గజ్జల్లో హెర్నియా అన్నారు. కరీంనగర్‌లో ఆపరేషన్. పొద్దున పోతే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అన్నను పొట్టన పెట్టుకున్న జాతి మందు నా ఒంట్లోకి రావద్దని మత్తు డాక్టరుకు ముందే చెప్పాను. మార్ఫిన్ లాంటివేవీ లేకుండానే చేయొచ్చు, నరానికి తిమ్మిరి ఇంజక్షన్ ఇస్తాం, వాంతులుండవు, తెలివి కూడా తొందరగా వస్తుంది అన్నాడు. తోడు మనిషి లేకపోతే ఇంటికి పంపరట. నా భార్యకు జ్వరం. పిలవకుండానే వదిన వచ్చింది, అన్న భార్య. ఆమె మొహం చూడటానికి నాకు సిగ్గేసింది.

డాక్టరు అన్నట్టే తెలివి శుభ్రంగా వచ్చింది. కోసినచోట తిమ్మిరిగా ఉంది. కానీ ఎడమ పిక్కను ఎవరో తడిబట్ట పిండినట్టు పిండుతున్నారు. పదిలో నొప్పి ఎంత అని నర్సు అడిగితే కోతకు ఒకటి, కాలికి తొమ్మిది అన్నాను. ఆమె అలాగే రాసింది, ఆ కాగితం నా దగ్గరుంది. డాక్టరు నాడి చూశాడు, వాపు చూశాడు, స్కాన్ కూడా తీయించాడు. ఏమీ లేదు. బల్ల మీద కాలు ఒత్తుకుపోయి ఉంటుంది అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

వదిన మాత్రం ఆశ్చర్యపోలేదు. మంచం పక్కన నిలబడి మెల్లగా అడిగింది. "బొటనేలు ఉన్నట్టు తెలుస్తలేదా?"

తెలియడం లేదు. ఆ మాట నేనింకా ఎవరికీ చెప్పలేదు.

"ఇగ జర సేపైతే మడిమెల మంట లేస్తది. దానెంక కాలు సల్లవడ్తది."

మంట లేచింది. తర్వాత కాలు చల్లబడింది. ఈ వరస నాకు ముందే తెలిసి మనసు ఆడించిన ఆట అనుకుందామంటే, అన్న నాకెప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. వదిన తువ్వాలు తడిపి మోకాలి కింద బిగించి కట్టింది. అప్పుడు తగ్గడం మొదలైంది. మొత్తం మూడు గంటలు పట్టింది.

"అన్నకు గింత నొచ్చేదా, వదినా?"

"నీకు మూడు గంటలు, మరిదీ. ఆయనకు నాలుగేండ్లు." ఆమె తువ్వాలు విప్పి, మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

తనదాకా వస్తే గాని తెలియదంటారు. నాదాకా అది ఏ దారిన వచ్చిందో అర్థం కావడం లేదు. నరాల డాక్టరును కలిశాను, దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. ఎవరూ చెప్పలేకపోయారు. ఆ నొప్పి మళ్లీ రాలేదు. దయ్యమని ఇప్పటికీ అనను.

నమ్మమని మిమ్మల్ని అడిగే మొహం కూడా నాకు లేదు. అన్న అడిగినప్పుడు నేను నమ్మలేదు.