రక్తంలో బయటపడ్డ అల్లం బస్తాలు

ఆ రోజుల్లో మా జహీరాబాద్ కుర్రాళ్లకు రెండే కోరికలుండేవి: ఊరవతల ఫ్యాక్టరీలో ఉద్యోగం, మనసులో ఉన్న పిల్లతో పెళ్లి. నా కోరికలు రెండూ ఒకే సీసా రక్తంలో ఇరుక్కుంటాయని ఎవరనుకున్నారు. ఉద్యోగానికి డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. పిల్ల ఝరాసంగంలో ఉండే మేనమామ కూతురు. కానీ బోరు నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి నాయినకూ మామకూ మాటల్లేవు. ఆ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని నాయిన ఎప్పుడో చెప్పేశాడు. అందుకని పరీక్షకు ముందురోజు, దోస్తు ఇంటికని చెప్పి షేర్ ఆటో ఎక్కి మామ చేనుకు పోయి, పొద్దుగూకేదాకా అల్లం బస్తాలు లారీకెత్తాను. (మరదలు గట్టు మీద కూర్చుని చూస్తోంది మరి. ఊరికే హమాలీ దొరికాడని మామ కూడా వద్దనలేదు.)

మర్నాడు చేతులు పైకి లేవలేదు. ఎలాగో రక్తమిచ్చాను. సాయంత్రం రిపోర్టు చూసి డాక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. ఒంట్లో ఏదైనా దెబ్బతింటే కొన్ని ఎంజైములు రక్తంలోకి కారతాయట. నావి పొంగి పొర్లుతున్నాయి.

"లివర్ ఖరాబైతె గిట్ల పెరుగుతయి. కల్లు గిట్ల తాగుతవా బిడ్డా?" అన్నాడు.

పక్కనే కూర్చున్న నాయిన మొహం నల్లబడింది. "దోస్తు ఇంటికని పోయింది గిందుకేనారా?" అన్నాడు. తాగానంటే ఉద్యోగం పోతుంది, బస్తాలంటే కాళ్లు పోతాయి.

డాక్టరుకు అనుమానమొచ్చి అదే రక్తానికి ఇంకో పరీక్ష చేయించాడు. కాసేపటికి నవ్వుకుంటూ వచ్చాడు. "లివర్ మంచిగనే ఉన్నది. ఇవి కండలు దెబ్బతిని వచ్చినయి. బరువులేమన్న మోసినవా?"

"అల్లం బస్తాలు," అన్నాను నేల చూపులు చూస్తూ.

"ఎవలయి?" అన్నాడు నాయిన.

"మామయి."

వారం రోజులు బరువు ముట్టకుండా ఉండి మళ్లీ రమ్మన్నాడు డాక్టరు. బయటికొచ్చాక నాయిన రోడ్డు వైపు విసవిసా నడిచాడు. కాళ్ల మీద ఆశ వదులుకుని వెనకాలే నడిచాను. చివరికి, "మన చేన్ల ఒక్కనాడన్న తట్ట ఎత్తినవారా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో ఆయనే ఝరాసంగం పోయే ఆటోను ఆపి నన్నెక్కించాడు. నాయినే మామ ఇంటి గడపలో నిలబడి రిపోర్టు మామ చేతిలో పెట్టాడు.

"బామ్మర్దీ, నా కొడుకు కండలు అరగదీసినవ్. ఇగ పిల్లనిస్తవా, ఇంక బస్తాలున్నయా?"

మామ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "బస్తాలు అయిపోయినయి బావా," అంటూ మంచం వాల్చాడు.

వారానికి ఎంజైములు దిగొచ్చాయి, ఉద్యోగమూ దొరికింది. మొన్న మా ఆవిడ గ్యాస్ బండ లోపల పెట్టమంటే నడుము పట్టేసిందన్నాను. ఒక్క చూపు చూసి తనే దొర్లించుకుపోయింది. ఆమె చూస్తోందని బస్తా మీద బస్తా ఎత్తిన ఆ పిచ్చోడిని తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయ కూడా.