ఆటలో అరటిపండుని నేను

మా ఆఫీసులో కాఫీ మిషను పక్కన రోజూ పొద్దున్నే బుట్టెడు పళ్ళు పెడతారు. ఎవరూ ముట్టుకోని అరటిపళ్ళు సాయంత్రానికి మచ్చలు తేలి, ఆ ఏసీ చలిలో కూడా తియ్యగా మాగిన వాసన కొడతాయి. హైటెక్ సిటీలో అంతమంది తలొంచుకుని పని చేసుకుంటుంటే ఆ వాసన నన్ను మాత్రం మెడ పట్టుకుని కూకట్‌పల్లి కాలనీలో మా పాత వీధికి లాక్కెళ్తుంది.

వేసవి సెలవుల్లో ఆ వీధి మాది. మేడ మీద పరిచిన దుప్పటిపై ఎండుతున్న మామిడి ఒరుగుల పులుపు, కొత్తావకాయ ఘాటు, కూలర్లో తడిసిన వట్టివేళ్ళ వాసన, గోదావరి జిల్లా నుంచి వచ్చి, అరుగు లేని ఇంట్లో గుమ్మం మెట్టునే అరుగు చేసుకుని విసనకర్రతో కూర్చున్న మా నాయనమ్మ, ఎండ తగ్గీ తగ్గగానే వీధి మధ్యలో పేర్చిన ఏడు పెంకులు. జట్లు పంచుకునేటప్పుడు నన్నెవరూ కోరుకునేవాళ్ళు కాదు. "వీడు ఆటలో అరటిపండురా" అనేవాడు మా అన్నయ్య శేషు. అంటే ఆడొచ్చు, పరిగెత్తొచ్చు, కానీ లెక్కలో ఉండను. బంతి వీపు మీద పేలినా అవుటవను. కమిలిన వీపు చూపించి అవుటయ్యానని మొత్తుకున్నా ఒప్పుకునేవాళ్ళు కాదు. అదెంత అవమానమో పడ్డవాడికే తెలుస్తుంది.

అన్నయ్య తీరు వేరు. ఏ జట్టులో మనుషులు తక్కువైతే అందులోకి దూకేవాడు. వెనక వీధిలో వాచ్‌మన్ల పిల్లలు, మేస్త్రీల పిల్లలు ఉండేవాళ్ళు. వినాయక చవితికి వాళ్ళ పందిరికీ మా పందిరికీ పోటీ. ఓ ఏడు మా వీధివాళ్ళు వాళ్ళ పందిరి గుంజలు పీకబోతే, వీడు అటువైపు నిలబడి మావాళ్ళనే తన్ని, చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు. "ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడని, ఎవరి గొడవో వీడికెందుకూ" అని సణుగుతూనే నాయనమ్మ వాడికి ఉండ్రాళ్ళు కొసరి కొసరి తినిపించింది. వెనక వీధి యాదమ్మ వాణ్ణి చూసిపోదామని వచ్చి, "మీ అన్న మావోడు బిడ్డా, జర మంచిగ చూస్కోండ్రి" అంది నాతో. ఆ కట్టు మీద రెండు వీధుల పిల్లలూ పేర్లు రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెయ్యి కూడా విరిగితే బాగుండునని మెట్ల మీంచి దూకి చూశాను. చెప్పు తెగింది.

ఇప్పుడు వాడు మళ్ళీ అదే పని చేశాడు. మా పక్క టవర్లోనే ఉన్న ఉద్యోగం మానేసి, అమ్మకి పేరు కూడా నోరు తిరగని ఓ దేశంలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకు చస్తుంటే, మనుషులు తక్కువైన పక్షాన తుపాకీ పడతానని తనంతట తానే వెళ్ళాడు. వాళ్ళ భాష రాదు, వాళ్ళ ఊళ్ళు తెలీవు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వీడికి ఎప్పుడూ రచ్చే. అమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది నేను. ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం చెప్పులిప్పకుండానే "శేషు ఫోన్ చేశాడాండీ?" అంటారు. గారెలు వండితే మొదటి వాయి వాడి పేరు చెప్పి దేవుడి దగ్గర పెడుతుంది అమ్మ. అవును, నాది కుళ్ళే. వాడు ప్రాణాలతో తిరిగి రావాలనీ ఉంది, వచ్చాక వాడి చుట్టూ మూగే జనాన్ని తల్చుకుంటే కడుపు మండుతూనూ ఉంది.

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయింది. "ఇక్కడ నేను ఆటలో అరటిపండునిరా చిన్నా. ముందుకి పంపట్లేదు. నీళ్ళు మోయిస్తారు, ఉల్లిపాయలు తరిగిస్తారు. అమ్మకి అదే చెప్పు." నిజమో, అమ్మ కోసం కల్పించి చెప్పాడో నాకు తెలీదు. అడిగేలోపే వెనకాల ఏదో దబ్బుమంది, లైను పోయింది.

ఆ దబ్బుమన్నది మింగేసి, మిగిలింది అమ్మకి చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదల్లా ఆగింది. "అయితే అవుటవడన్నమాట" అంది. ఆ రూలు ఆవిడకి నావల్లే తెలుసు. అవుట్ చెయ్యలేదని రోజూ ఏడుస్తూ వచ్చి ఆవిడ కొంగులోనే మొహం దాచుకునేవాణ్ణి.

వెనక వీధి ఇప్పుడు లేదు, అంతా అపార్ట్‌మెంట్లే. మా వీధి నిండా కార్లు, పెంకులు పేర్చడానికి జానెడు చోటు లేదు. నాయనమ్మా లేదు, ఆవిడ మెట్టూ లేదు. ఇవాళ బుట్టలోంచి ఓ అరటిపండు తీసుకున్నాను గానీ ఒలవబుద్ధి కాలేదు. చిన్నతనంలో నాకంటూ ఉన్న పదవి అదొక్కటే. చివరికి దాన్నీ వాడే తీసుకున్నాడు. ఉంచుకోమనండి, ఇంటికొచ్చేదాకా వాడి దగ్గరే ఉండనీండి.