ఐతారం గంట కొట్టిన మోటరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో అన్నీ మొదటినుంచి మనమే చేయాలనిపిస్తుంది. నాకూ అనిపించేది. మేడ్చల్‌లో నేను చేరిన చిన్న కంపెనీలో మా పెద్దసారు మాత్రం కొత్తగా ఏదీ చేయనిచ్చేవారు కాదు. ఒకసారి బాగా పనిచేసిన సర్క్యూట్‌ను, దాన్ని నడిపే ప్రోగ్రామును కలిపి ఒక బ్లాకుగా దాచేవారు. తర్వాత ఏ పరికరం చేసినా ఆ బ్లాకులతోనే పేర్చాలి. పద్ధతి మంచిదే. లోపల ఏముందో చూడనివ్వకపోవడమే నాకు ఒళ్ళు మండించేది. "మూత తీసి సూసేటట్టయితే ఇగ డబ్బా ఎందుకు బిడ్డా? నడుస్తున్నదాన్ని ముట్టకు" అనేవారు. (వెనకాల మేమంతా ఆయన్ను 'ముట్టకు సారు' అనేవాళ్ళం. ఆయనకు తెలుసు.)

శామీర్‌పేటలో ఒక రైతు బోరు మోటరును వేళకు నడిపే పెట్టె నా మొదటి పని. అది సరిగా నడిస్తేనే ఉద్యోగం ఖాయం. సారు చెప్పినట్టే పాత టైము బ్లాకు తెచ్చి అందులో పెట్టాను. రెండు ఆదివారాలు గడిచాయో లేదో రైతు ఫోన్ చేశాడు. "మేడం, మీ డబ్బాకు ఐతారం పొద్దుగాల పిచ్చి లేస్తాంది. మోటరు కాలిందంటే నా టమాట తోట ఎండిపోతది. మస్తు పరేషాన్ అయితాంది." తర్వాతి ఆదివారం నేనే వెళ్ళి మోటరు పక్కన నిలబడి సారుకు ఫోన్ చేశాను. ఆయన నాగారంలో చర్చి బయట ఉన్నారు. నమస్తే అన్నానో లేదో మోటరు గుర్రుమని లేచి ఆగింది. మళ్ళీ లేచింది, ఆగింది. ఫోన్లో చర్చి గంట వినబడుతోంది. అక్కడ ఠంగుమన్నప్పుడల్లా ఇక్కడ మోటరు లేస్తోంది. అప్పుడర్థమైంది, ఆ బ్లాకు సారు మొదట చేసింది ఆ చర్చి గంట వేళకు దానంతటదే మోగడం కోసం. గంట వేళలు లోపలే ఉండిపోయాయి. మెయిన్ స్విచ్చు కిందికి లాగేసి, "సార్, మీ గంట ఇక్కడ మోటరుతో కొట్టిస్తున్నరు!" అని అరిచాను. అవతల సారు సంబరంగా, "జూసినవా బిడ్డా, రెండు జాగలల్ల ఒక్క సెకను తేడా లేదు!"

"ఏమంటుండు మీ సారు?" అన్నాడు నా పక్కనే నిలబడి ఫోన్లో గంట వింటున్న రైతు.

"టైము కరెక్టుగ ఉన్నదంటుండ్రు."

"గట్లనా. గుడిలనే ఉన్నడు గద, నా మోటరు కోసం జర ప్రార్థన గూడ జెయ్యమను."

మోటరు బతికింది. నా ఉద్యోగమూ బతికింది. మర్నాడు సారే కూర్చుని ఆ వేళలను బ్లాకులోంచి తీసి విడిగా పెట్టారు. లేస్తూ "ఇగ ముట్టకు" అన్నారు. ఇప్పుడు ఆ బ్లాకులన్నీ నా చేతికొచ్చాయి. కొత్తగా చేరినవాళ్ళతో ప్రతిదానికీ మూత తీయిస్తాను.

మొన్న ఆదివారం అదే చర్చిలో సారు జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. తలలు వంచుకుని ఉన్నాం. వేళ కాగానే గంట మొదలైంది. మొదటి దెబ్బకే నా కుడిచేయి స్విచ్చు కోసం గోడ వైపు లేచింది. పక్కావిడ వింతగా చూసింది. మెల్లగా దించుకున్నాను. నడుస్తున్నదాన్ని ముట్టకూడదు కదా.