వేలాడే చెవులు, నాలుగింటి బన్ను

మా ఇంట్లో పడమటి రెండు గదులకూ మాకూ మధ్య ఒక తలుపు ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ తలుపు కింది సందుకు ముక్కు ఆనించి కుక్క పడుకునేది. అవతల ఎవరూ లేరు. ఆ సంగతి నాకు తెలుసు, దానికి తెలియదు. అయినా రోజూ నేనూ దాని పక్కనే ఆ నల్లబండల మీద కూర్చునేదాన్ని.

ఆ గదుల్లో మూడేళ్లు ఉండి వెళ్లినావిడను నేను అక్కయ్య అనేదాన్ని. కర్నూలు రాజధాని అయినప్పుడు మదరాసు నుంచి వచ్చిన ఉద్యోగులకు ఊళ్లో ఇళ్లు చాలలేదు. కొందరు డేరాల్లో ఉన్నారు. మా నాయన శనక్కాయల మూటలు పెట్టుకునే పడమటి గదులను ఖాళీ చేయించి ఒక ఉద్యోగికి అద్దెకిచ్చాడు. ఆయన భార్యే అక్కయ్య. వాళ్లకు పిల్లలు లేరు. ఒక ట్రంకు నిండా నవలలు ఉండేవి, ఈ కుక్క ఉండేది. పొట్టి కాళ్లు, తేనె రంగు ఒళ్లు, నడుస్తుంటే నేలను ఊడ్చే చెవులు. దానికేదో ఇంగ్లీషు పేరుంది. మా జేజికి, అంటే నాయనను కన్నతల్లికి, ఆ పేరు పలకడానికి నోరు తిరగలేదు. "కుక్కపాప" అని తానే ఇంకో పేరు పెట్టుకుంది.

స్కూలు మానిపించాక నాకు పుస్తకాలు దొరికే దారి లేదు. ఎవరినైనా అడగాలంటే గొంతు పెగిలేది కాదు. అక్కయ్య నేను అడిగేదాకా ఆగలేదు. ఒకరోజు నాలుగింటికి ఆ మధ్య తలుపు తీసి, "రా తల్లీ, నాలుగింటికి దీనికి బన్ను, మనకు పుస్తకం" అంది. పాలలో నానేసిన బన్నును వేళ్లతో చిదిమి కుక్కకు పెడుతూ, ఇంకో చేత్తో పేజీలు తిప్పుతూ పైకి చదివేది. మూడేళ్లు ఆ తలుపు నాలుగింటికి తెరుచుకుంది. డైరీ రాయడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయిన ఏడు వాళ్లూ వెళ్లిపోయారు. జట్కా వాకిట్లో నిలబడి ఉంది. కుక్కను, దాంతో పాటు ఒక నవలను నా చేతుల్లో పెట్టి, "అక్కడ ఇల్లు కుదిరాక వేసవికి వచ్చి తీసుకుపోతాను. అందాకా జాగ్రత్త. నాలుగింటికి బన్ను మాత్రం మరిచిపోకు" అంది. తల ఊపాను. ఆ ఒక్క ఊపుతో నా పనేమిటో తేలిపోయింది. ఆమె వచ్చేదాకా దీన్ని ఆమె వదిలి వెళ్లినట్టే ఉంచాలి.

మూడు నెలలు కూడా ఉంచలేకపోయాను.

మొదట కాళ్లు నాకడం మొదలుపెట్టింది. తర్వాత చెవులు గోక్కోవడం. తల విదిలిస్తే రెండు చెవులూ ఉతికిన గుడ్డ బండకేసి కొట్టినట్టు చప్పుడు చేసేవి. చెవి ఎత్తి చూస్తే లోపల దానిమ్మ గింజంత ఎరుపు, నల్లని గుజ్జు, పులిసిన పిండి వాసన. తలను ఒక పక్కకు వాల్చి నడిచేది. నాలుగింటికి మాత్రం అదే వాలిన తలతో తలుపు దగ్గరికి పోయేది.

జేజి చూసి, "దీనికేమే, వెల్లుల్లి నూనె పోస్తే సరి" అంది. మా ఇంట్లో ఏ పిల్లకు చెవిపోటు వచ్చినా అదే వైద్యం. వెల్లుల్లి రేకలు వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో పోయడం.

"కుక్కకు పోయొచ్చునా జేజీ?"

"ఏం, నీకు పోయలేదా చిన్నప్పుడు? ఇప్పుడు ఇనపడ్లేదా నీకు?"

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "నీ మనవరాలి చెవులకేమీ కాలేదులే అత్తా. నోరే పోయింది."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుక్కను ఒళ్లో పట్టుకున్నది నేనే, నూనె పోసింది జేజి. నాలుగు రోజులకు చెవి మూసుకుపోయేంత వాచింది. దగ్గరికి చెయ్యి పోనిస్తే మూలిగేది. నన్ను ఎన్నడూ కరవనిది, ఒకసారి పళ్లు చూపింది.

పశువుల ఆసుపత్రికి పోవాలి. అక్కడ అందరూ మగవాళ్లే ఉంటారు. రెండు రోజులు గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చాను. మూడోరోజు జబ్బు సంగతంతా కాగితం మీద రాసుకుని, కుక్కను ఎత్తుకుని వెళ్లాను. డాక్టరు పల్లెలకు పోయాడు. నెరిసిన గడ్డం కాంపౌండరు సాయిబు ఒక ఎద్దు గిట్టకు మందు పూస్తున్నాడు. కాగితం ఆయనకు అందించాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతిలోనే పెట్టాడు. "నాకు తెలుగు సదవను రాదు బేటీ. ఉర్దూ అయితే సదువుతా. నువ్వే సదువు, అందరం ఇంటాం."

చుట్టూ రైతులు. చెమట పట్టిన కాగితం పట్టుకుని చదివాను. నేను రాసిన వాక్యాలు నా చెవులకే ఎబ్బెట్టుగా వినిపించాయి. "కర్ణములు ఎర్రబారినవి" అని ఎందుకు రాశానో!

ఎద్దు రైతు ఆగలేకపోయాడు. "ఏమప్పా సాయిబూ, నా ఎద్దు ఈడ కుంటుతాంటే నువ్వు కుక్కకు పురాణం సదివించుకుంటాండావే!"

"నీ ఎద్దుకు నోరు లేదు, ఈ పిల్లకూ లేదు. అయినా రాసుకొచ్చింది. నువ్వేం రాసుకొచ్చినావు?" అని ఆయన నవ్వి, కుక్క చెవిని ఎత్తి వాసన చూశాడు. "నూనె పోసినారా?"

తల ఊపాను.

"చూడు బేటీ. మన చెవి మాదిరి గాదు ఇది. మెట్లబావి మాదిరి. ముందు కిందికి దిగుతాది, అడుగున పక్కకు తిరుగుతాది. పైన ఈ చెవి తలుపు మాదిరి మూసుకోని ఉంటాది. గాలి యాడ పోవాల? నువ్వు పోసిన నూనె ఆడనే నిలబడి మురిగింది."

వెంటనే కుక్క చెవిని పైకెత్తి పట్టుకున్నాను.

గోరువెచ్చని నీళ్లలో బోరిక్ పొడి కలిపి, మెత్తని గుడ్డ వేలికి చుట్టుకుని, వేలు పోయినంత మేరే తుడవమన్నాడు. పుల్ల పెట్టొద్దన్నాడు. తుడిచాక తడి ఆరేదాకా చెవులను పైకి మడిచి పట్టుకోమన్నాడు. పూయడానికి ఒక సీసాలో మందిచ్చాడు. అంతా చెప్పి, చేతులు కడుక్కుంటూ, "ఇదంతా పైపైన. కాళ్లు కూడా నాకుతాది అంటివి గదా? అయితే జబ్బు చెవిలో పుట్టలేదు. ఏదో తిండి దానికి పడదు. ఏండ్ల తరబడి తిన్నదైనా ఒకనాటికి పడకుండా పోతాది. నాకు వంకాయ తింటే ఒళ్లంతా దురద. దీనికి దురద చెవిలో తేలుతాది. ఏం తింటాదో, ఎప్పుడు గోక్కుంటాదో రోజూ రాయి. నీకు రాసేది బాగా వస్తాది గదా" అన్నాడు.

అలా నా డైరీ కుక్క డైరీ అయింది. "పొద్దున: జొన్నరొట్టె. రాత్రి: సంగటి, పప్పుకట్టు. గోకడం: ఎక్కువ." వరుసగా ఒక్కొక్కటీ మాన్పించాను. గుడ్డు మానింది. ఆదివారం మాంసం బొమికలు మానాయి. పప్పు మానింది. మందుకు చెవి కొంచెం తగ్గినట్టు ఉండి, మళ్లీ ఎర్రబడేది. నెల దాటింది. సాయిబు దగ్గరికి వెళ్లి డైరీ చదివాను. ఇప్పుడు గొంతు కొంచెం వస్తోంది.

"ఇంతేనా తింటాండేది?"

"ఇంతే."

"నిజంగా ఇంతేనా?"

"ఇంతే తాతా." నేను అబద్ధమాడానని నాకు తెలియదు.

మా జేజి శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుని సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. ఆ రోజు అన్నం, సంగటి ముట్టదు. పలారం మాత్రం తింటుంది. ఆ సోమవారం జేజి పెద్ద గిన్నెడు బొరుగుల ఉగ్గాని, రెండు అరటిపళ్లు తిని, గ్లాసెడు పాలు తాగి, మూతి తుడుచుకుని వాకిట్లో కూర్చుంది. పక్కింటామె వచ్చి, "తిన్నావా పెద్దమ్మా?" అంది.

"యాడ తినేది? ఈ పొద్దు ఒక్కపొద్దు గదా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

ఆ మాటలో అబద్ధం లేదు. మా ఇంట్లో బొరుగులు తిండి కింద లెక్క కాదు, పాలు అసలే కాదు. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే అది. కానీ ఆ పూట నా ఒళ్లో కుక్క ఉంది. చేతిలో తడిసిన బన్ను ఉంది. డైరీలో నలభై రోజుల పేజీల్లో ఎక్కడా ఆ బన్ను లేదు. దాచి కాదు. అది తిండి అని నాకు తోచలేదు. అది పలారం. అది అక్కయ్య.

మిగిలిన బన్ను ఆవుకు వేశాను. మర్నాడు నాలుగింటికి పాలలో జొన్నరొట్టె చిదిమి పెట్టాను. కుక్క వాసన చూసి, నా ముఖం చూసి, తలుపు వైపు పోయింది. ఐదు రోజులు దాన్ని ముట్టలేదు. ఆరో రోజు తినింది. మూడు వారాలకు చెవి లోపల గులాబీ రంగు తేలింది. నల్ల గుజ్జు పోయింది. వాసన పోయింది. తల నిటారుగా నిలిపి నడిచింది. గిన్నె చప్పుడు వంటింట్లో అయితే వంటింటి వైపే పరుగెత్తింది. నాలుగింటికి తలుపు దగ్గరికి పోవడం తగ్గిపోయింది.

వేసవి నడిమిలో ఉత్తరం వచ్చింది. అక్కయ్య చేతిరాత. వాళ్లకు మేడ మీద వాటా దొరికిందట, ఇంటివాళ్లు కుక్కను ఒప్పుకోరట. "దాన్ని నువ్వే ఉంచుకో తల్లీ. ఇప్పట్లో అటు వచ్చే వీలు కూడా లేదు. ఇక్కడ నాలుగు కొట్టినప్పుడల్లా మీ ఇద్దరూ గుర్తొస్తారు. దానికి బన్ను పెడుతున్నావు కదూ?"

చాలాసార్లు చదివాను. తర్వాత బజారుకు వెళ్లి బన్ను తెచ్చి, పాలలో నానేసి, మధ్య తలుపు దగ్గర కూర్చుని పిలిచాను. అది తోకతో నేలంతా ఊడుస్తూ వచ్చింది. వేళ్లు నాకేదాకా తినింది. ఆమె అడిగింది, నేను పెట్టాను. ఆ కాసేపు తలుపు అవతల గాజుల చప్పుడు వినబడినట్టే ఉంది.

మూడోరోజుకు చెవి మళ్లీ ఎర్రబడింది.

సాయిబుకు బన్ను సంగతంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే అదే, ఆ బన్ను పిండి. తేలిపోయింది. ఇది పూర్తిగా పోయే జబ్బు గాదు బేటీ. తిండిలో కాచుకోవాల, వారానికొక తూరి చెవి తుడవాల, బతికినన్నాళ్లూ" అన్నాడు.

ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కాగితం నిండా చెవి గురించే రాశాను. మెట్లబావి సంగతి, బోరిక్ పొడి, గుడ్డ వేలికి ఎలా చుట్టాలో, తడి ఎలా ఆరనివ్వాలో. "బన్ను మానేశాను, దానికి పడదు" అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆగి, చివరికి రాశాను. మూడేళ్లు ఆమె ప్రేమగా పెట్టింది దానికి పడలేదని రాయడానికి చెయ్యి రాలేదు కానీ, నిజం చెప్పకపోతే రేపు ఎవరైనా మళ్లీ పెడతారు. నా గురించి ఏమీ రాయలేదు. ఆ ఒక్క నవల తప్ప వేరే పుస్తకాలు లేవని రాయలేదు.

జవాబు ఇంకా రాలేదు. రెండేళ్లు కావస్తోంది. పడమటి గదుల్లో మళ్లీ శనక్కాయల మూటలు ఉన్నాయి. కుక్క బాగుంది. సోమవారం సోమవారం దాని చెవులు తుడుస్తాను. ఒళ్లో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటుంది. నాలుగింటికి అది వంటింటి గడప దగ్గర జొన్నరొట్టె తిని నిద్రపోతుంది. నేను నల్లబండల మీద తలుపుకు ఆనుకుని, ఆమె వదిలి వెళ్లిన ఒక్క నవలనే మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతాను. పైకే చదువుతాను. కుక్క చెవులు ఇప్పుడు బాగా వినబడతాయి కదా, ఒక్కోసారి నిద్రలోనే ఒక చెవి కదిలిస్తుంది.