తొట్టె కొండీలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరో నాతో ఆడించింది కాదు. నేనే మైకు పట్టుకొని, గొంతు పెంచి, చప్పట్ల కోసం మధ్యలో ఆగి మరీ ఆడాను. మా ఇంట్లోవాళ్లకు తెలియదు. మీకే ఎందుకు చెప్తున్నానంటే, మీరు నన్ను మధ్యలో ఆపలేరు. ఆపితే వాదిస్తాను. వాదిస్తే గెలుస్తాను. గెలిస్తే ఇది మళ్లీ లోపలే ఉండిపోతుంది.

తెలంగాణ ఉద్యమం రోజులు. జనగామలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. పాఠాలు తక్కువ, దీక్షా శిబిరాలు ఎక్కువ. దేవరుప్పుల దాటాక ఒక ఊళ్లో, పేరు రాయను, పాత దొర గడి, కోటలాంటి ఇల్లు, ఉండేది. దొర వారసులు ఏనాడో పట్నం చేరారు. దాన్ని కూలగొట్టాలని నేను. నిలబెట్టి గ్రంథాలయం చేయాలని మా ఫిజిక్స్ సారు. ఆయనకు పాత గోడలంటే పిచ్చి. డంగు సున్నం ఎలా నూరేవారో, రెండు మూరల మందం గోడ ఎండాకాలం ఇంటిని ఎలా చల్లగా ఉంచుతుందో గంటలకొద్దీ చెప్పేవాడు. "ఆ సున్నం నూరినోళ్ల చేతుల సంగతి చెప్పుండ్రి సార్" అని నేను ప్రతిసారీ అడ్డం పడేదాన్ని.

ఒకరోజు స్టాఫ్‌రూములో అందరి ముందు ఆయన అన్నాడు. "గడిల చెర ఉన్నది, చెర ఉన్నది అంటరు గద మేడం. ఏ అర్రనో చూపెట్టుండ్రి. గడ్డపార నేనే పట్టుకొస్త."

అర్ర అంటే మా వైపు గది. అందరూ నవ్వారు. ఇతరులను నవ్వులపాలు చేయడం నాకు అలవాటే. నవ్వులపాలు కావడం అలవాటు లేదు.

ఆ ఆదివారమే ఊరికి వెళ్లాను. గడి వెనుక గదుల వరుసలో ఎల్లవ్వ ఒక్కతే ఉండేది. దొరసాని కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు సారెతో పాటు పంపిన ఆడబాప, అంటే జీవితాంతం దాసి. బిందెలు, పందిరి మంచం, ఎల్లవ్వ. దొరలు వెళ్లిపోయాక మిగిలింది ఎల్లవ్వే. చీకటి అర్ర చూపించమన్నాను. మట్టి గోడలు. కిటికీ లేదు. పైన దూలానికి మూరెడు ఎడంతో రెండు ఇనుప కొండీలు. సంతోషంగా కాగితం తీసి కొలతలు రాసుకున్నాను. దొరికింది!

"జర తలకాయ వంచు బిడ్డా. గీ దర్వాజకాడ దొరసాని గూడ వంగుడే."

"గీ కొండీలేంది అవ్వా? మనుషులను కట్టేసిండ్రా వీటికి?"

ఆమె నవ్వింది. "మనుషులనే. గింతంత మనుషులను. తొట్టె కట్టే కొండీలు బిడ్డా గవి. కాలేజీల సదువు చెప్తవా, ఉత్తగ పోయొస్తవా?"

"మరి కిటికీ ఎందుకు లేదు?"

"బాలింతకు గాలి తగులొద్దని. దొరసాని నలుగురిని గీన్నే కన్నది. నేనొక్కన్ని కన్న. వాళ్ల పిల్లలు తొట్టెల, నా పోరడు కింద చాప మీద. ఒక చేత్తోని తొట్టె ఊపుకుంట ఇంకో చేత్తోని వాన్ని జోకొడుతుంటి. మూడు నెలలకు జరమొచ్చి పోయిండు. గీన్నే."

ఆ పిల్లవాడి తండ్రి ఎవరని నేను అడగలేదు. దొర గడిలో అది అడగాల్సిన పని లేదు.

"మరి కొట్టుడు, కట్టేసుడు ఏడ అవ్వా?"

"ముంగటి వాకిట్లనే. ఎండల. అందరు సూడాలె గద. దాసిపెట్టి కొడితె ఎవలు భయపడుతరు?"

చూడండి, నిజం నా చేతిలోనే ఉంది. చెర కంటే ఘోరమైన నిజం. దాక్కోవలసిన అవసరమే లేని దౌర్జన్యం, తన బిడ్డ నేల మీద కాగిపోతుంటే ఇంకొకరి తొట్టె ఊపిన తల్లి. కానీ ఆయన అడిగింది గది. నాకు గది కావాలి. మనిషి చదువుకునేది నిజం తెలుసుకోవడానికా, తెలిసిన నిజాన్ని వాదనకు సరిపడేలా కత్తిరించడానికా? ఆ రోజు నేను కత్తెరనయ్యాను.

వారం తిరగకముందే ఆ ఊరి శిబిరంలో మాట్లాడాను. తల వంచి నడిపించడానికే పొట్టి ద్వారం అన్నాను. కేక బయటికి పోకుండా కిటికీ పెట్టలేదన్నాను. కొండీల దగ్గర కాస్త ఆగాను. జనం లేచి గడి మీదికి నడిచారు.

ముందుభాగం గడ్డపారలకు లొంగలేదు. సున్నం గోడ, రాతి గడప, ఆ వాకిలి, ఏదీ చెక్కుచెదరలేదు. అందరూ వెనక్కి తిరిగారు. మట్టి గోడలు ఎంతసేపు? ఎల్లవ్వ బట్టల మూటతో బయటికి వచ్చి, గుంపులో నన్ను చూసింది.

"గా బిడ్డకు ఎరుకే. అడుగుండ్రి. బిడ్డా, గవి తొట్టె కొండీలని జర చెప్పు!"

అందరూ నా వైపు తిరిగారు. జీవితంలో ఎవరికీ ఒక్క మాట బాకీ ఉంచని నేను, ప్రిన్సిపాల్‌నే నిలదీసిన నేను, ఏమన్నానో తెలుసా?

"అవ్వను జర పక్కకు తీస్కపోండ్రి. దుమ్ము తగులుతది."

అంతే. దయగలదాన్నని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

ఆమెను నెల్లికుదురులో ఉన్న చెల్లెలి కూతురు తీసుకుపోయింది. పేపర్లు దిద్దడానికి మహబూబాబాద్‌కు రెండుసార్లు వెళ్లాను. అక్కడినుంచి నెల్లికుదురు ఎంత దూరం? వెళ్లలేదు. తర్వాతి ఎండాకాలం దాటలేదని విన్నాను. రాష్ట్రం వచ్చింది. అది న్యాయమైన కోరిక, ఇప్పటికీ దానికోసం ఎవరితోనైనా కొట్లాడతాను. నా అబద్ధం లేకపోయినా వచ్చేది. మరి ఆ అబద్ధం ఎవరికి పనికొచ్చింది? ఫిజిక్స్ సారు ముందు గెలవడానికి నాకు.

నిరుడు ఆ ఊరికి వెళ్లాను. ఆ ఖాళీ జాగాలో 'చెరసాల ఉన్న స్థలం' అని బోర్డు. తీసేయమని, అది పెట్టినవాళ్లలో ఒక యువకుడికి చెప్పాను. "మీ మాట మీదనే పెట్టినం గద మేడం. గిప్పుడు మీరే కాదంటే ఎవలు నమ్ముతరు?" అని చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాను. నోరున్నదాన్నే, ఏం చేయగలిగాను?

ఆ ఆదివారం రాసుకున్న కాగితం నా దగ్గర ఉంది. ద్వారం ఎత్తు, గోడ మందం, కొండీల మధ్య ఎడం, అన్నీ ఉన్నాయి. ఎల్లవ్వ తన కొడుకు పేరు కూడా చెప్పింది. నేను రాసుకోలేదు. ఎంత తలబాదుకున్నా గుర్తుకు రావడం లేదు. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

అది చెర కాదు. ఒక పసివాడు పుట్టి, పోయిన అర్ర. నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఈ మాట ఇప్పుడు రాశాను. రాసినంత మాత్రాన ఏమీ మారలేదు.